మంగళవారం ఎక్కింది, శుక్రవారం మోసింది

ఆసుపత్రి వాహనాల షెడ్డు,
మార్చి 4

మావయ్యగారికి నమస్కారాలు.

చేతిరాత చూసి మీరు నన్ను పోల్చుకోలేరు. చివరిసారి మీకు రాసినప్పుడు నాకు పన్నెండేళ్లు నిండలేదు, అదీ రూళ్ల కాగితం మీద. నేను మీ చెల్లెలి కూతురిని. నాన్న పనిచేసిన ఆసుపత్రిలోనే, నాన్న చేసిన పనే చేస్తున్నాను. డాక్టరునీ నర్సునీ మందులనీ కొండ పల్లెలకు తీసుకెళ్లే బండి నడుపుతున్నాను. ఏడేళ్లయింది.

పని మీదే రాస్తున్నాను. ఇప్పుడున్న బండి చాసిస్ విరిగింది. మా మెకానిక్కును అందరూ గ్రీజు బాబాయి అంటారు, అసలు పేరు ఆయనకే గుర్తుందో లేదో. రెండుసార్లు వెల్డింగు చేసి చూశాడు. మూడోసారి, "దీన్ని అతికించడం కంటే దీనికో దండం పెట్టడం తేలికే తల్లీ" అన్నాడు. ఆసుపత్రి కమిటీ కొత్త బండి కొంటానంది. వెతగ్గా రెండు మిగిలాయి. రెండూ పెద్ద బండ్లే, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందేవే.

ఒకదాన్ని మేం మేడ అంటాం. ఎత్తుగా పొడుగ్గా ఉంటుంది. స్ట్రెచర్ నిలువుగా పడుతుంది, వెనక తలుపు మూసుకుంటుంది, నర్సు పక్కనే కూర్చోవచ్చు. మిగతా సామానుకు పైన పెద్ద కారియర్. నాన్న నడిపిన మేడకు ఇది మనవరాలి వరస. రెండోది తాబేలు. పొట్టిగా వెడల్పుగా ఉంటుంది, బరువంతా కిందే. లో గేరులో వేస్తే రాళ్ల మీద మనిషి నడకన పాకుతుంది. కాని స్ట్రెచర్ పెట్టాలంటే ముందు సీటు మడవాలి, నర్సు మూలన ముడుచుకోవాలి, మందుల పెట్టెలు సగం కిందే వదిలేయాలి.

దారి మీకు తెలిసిందే. చివరి ఆరు కిలోమీటర్లు కొండ పక్కన చెక్కిన బాట. ఎడమ చక్రాలు పైన, కుడి చక్రాలు కింద. వానలు పడితే బంకమన్ను.

కమిటీ అధ్యక్షుడి దగ్గర మీ పాత వ్యాసం ఉంది. ఇరవై ఏళ్ల కిందట మీరు అప్పటి మేడనూ అప్పటి తాబేలునూ పోల్చి పత్రికలో రాసినది. అందులో మేడ గెలిచింది. "ఆయనంతటివాడు చెప్పాక మనమెంత" అంటారాయన. మీరు ఇప్పుడేమంటారో అడిగి రాయించమన్నారు. వానలకు ముందే కొనాలి.

ఇట్లు,
మీ మేనకోడలు

మెట్ల పక్క గది,
మార్చి 11

అమ్మడూ,

చిన్నప్పుడు "మావయ్యా, నువ్వు" అనేదానివి. ఇప్పుడు "మీరు" అంటున్నావు. వయసు మీద పడ్డాక దొరికే మర్యాద పళ్లూడాక చేతికిచ్చిన చెరుకుగడ. సరే, పుచ్చుకున్నాను.

ఇరవై ఏళ్ల నాటి వ్యాసం ఇంకా ఎవడి దగ్గరో ఉందని తెలిసి సంతోషించాను. నా దగ్గరే లేదు. ముప్పైయొక్క ఏళ్లు బండ్లు నడిపి, నడిపినదాని గురించి రాశాను. ఈ గదిలో మూడు గోడలు పుస్తకాలే, నాలుగోది కిటికీ కాబట్టి బతికిపోయింది. నాకు జీతమిచ్చిన ఎడిటరు ఇన్నిటిలో ఒక్కటీ చదివి ఉండడు. స్పానరుకూ గరిటెకూ తేడా తెలియని మనిషి. నేను బండి గుణం గురించి నాలుగు పేజీలు రాస్తే, "పాఠకుడికి పట్టిక కావాలయ్యా, పురాణం కాదు. మార్కులెయ్యి" అనేవాడు. పోయినప్పుడు పత్రికంతా ఆయన ఫొటోలే. నేను ఉద్యోగం మానేసిన నెలలో నా గురించి రెండు వాక్యాలు వేశారు, అందులో ఒకదాంట్లో నా వయసు తప్పు.

ఇప్పటి కుర్రాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. కంపెనీ పెట్టిన భోజనం తిని, కంపెనీ చదును చేసిన మట్టిదిబ్బ ఎక్కి దిగి, "అద్భుతం" అని రాస్తారు. బూట్లకు మన్నంటదు.

నువ్వడిగినదానికి వస్తాను. మేడ కొనండి. తాబేలు రాళ్ల మీద పాకడంలో మొనగాడే, కాదనను. కాని ఆసుపత్రి బండి ముందు ఆసుపత్రి, తర్వాతే బండి. రోగిని మడతపెట్టి తీసుకెళ్లే బండి ఎంత కొండ ఎక్కితే ఏం లాభం? ఆనాడు మేడకు నూటికి ఎనభై నాలుగు వేశాను, తాబేలుకు ఎనభై రెండు. ఆ రెండు మార్కులూ కారియర్‌వే. పావు టన్ను మోసే కారియర్ చిన్న విషయం కాదు. ఇవాళ వేసినా అవే వేస్తాను.

మీ నాన్న సంగతి మనసులో పెట్టుకుని బండిని అనుమానించకు. మీ నాన్న మంచి డ్రైవరే. కాని చెయ్యి తొందర. స్టీరింగు పట్టిన చెయ్యి నెమ్మదిగా ఉంటే ఏ బండైనా దాటిస్తుంది.

ఈ ఉత్తరం కమిటీకి చూపించు.

మావయ్య

మీ అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? నేను అడిగానని చెప్పకు.

ఆసుపత్రి వాహనాల షెడ్డు,
మార్చి 20

మావయ్యగారికి,

మీ ఉత్తరం కమిటీలో చదివారు. అధ్యక్షుడు నిలబడి, మొదటి నుంచి చివరిదాకా, ఒక్క ముక్క వదలకుండా చదివారు. "చెయ్యి తొందర" దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గించారు, అందుకే అందరికీ బాగా వినిపించింది. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. డ్రైవర్లకు అక్కడ కుర్చీ ఉండదు.

ఆ మాట నాకు కొత్త కాదు. పద్దెనిమిదేళ్లుగా ఆసుపత్రి ఫైల్లో ఉన్నదే: నడిపినవాడి తొందరవల్ల వాహనం ఒరిగి పడింది. ఎవరు చెప్పగా రాశారో నాకు తెలియదు.

మొన్న కంపెనీవాళ్లు మేడను చూడటానికని పంపారు, వారం ఉంచుకోమన్నారు. కూడా వచ్చిన సేల్స్‌మన్ నన్ను ఎక్కించుకుని గుట్ట ఎక్కించాడు. నల్లేరు మీద నడకలా ఎక్కింది. నేనన్నాను, "బాబూ, మాకు పైన రెండు ఆక్సిజన్ సిలిండర్లు, జనరేటరు, టెంటు, నీళ్ల డ్రమ్ము ఉంటాయి. అవి పెట్టి ఎక్కిద్దాం."

"అమ్మో, రంగు గీసుకుపోతుందండీ!"

"పోతే పోయింది. రోగి రంగు చూడ్డు."

"అది కాదండీ మేడమ్. బరువు మోయడం చూపించడానికి వేరే డెమో ఉంటుందండీ. మా షోరూము ముందు, చదునులో. కారియర్ మీద మనిషిని నిలబెట్టి మరీ చూపిస్తాం."

గ్రీజు బాబాయి బీడీ పారేసి, "అంటే ఎక్కేటప్పుడు మొయ్యదు, మోసేటప్పుడు ఎక్కదు. బాగుందయ్యా. మా ఆవిడకీ నాకూ కూడా ఇలాగే కుదిరింది" అన్నాడు. సేల్స్‌మన్ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

ఎందుకంటే మీ వ్యాసం నా దగ్గరా ఉంది. నాన్న కత్తిరించి దాచుకున్నది. మార్కుల పట్టికలో "కొండ బాట" పక్కనా, "బరువు, సౌకర్యం" పక్కనా పెన్సిలుతో రెండు గీతలు గీసి, రెంటినీ కలిపి ఒక ప్రశ్న రాసుకున్నాడు: "ఒకే రోజునా?"

నాన్న ప్రశ్నే నేనూ అడుగుతున్నాను. మేడ ఏటవాలు ఎక్కిన రోజు దాని పైన బరువుందా?

మేనకోడలు

మెట్ల పక్క గది,
మార్చి 26

అమ్మడూ,

సలహా అడిగావనుకున్నాను. విచారణ అని ముందే చెప్పి ఉంటే బోనులో నిలబడి రాసేవాణ్ని.

ఏ రోజు ఏ బండి ఎక్కానో ఇరవై ఏళ్ల తర్వాత గుర్తుండాలంటే నేను మనిషిని కాదు, పంచాంగాన్ని. పెన్సిలుతో ప్రశ్నలు ఎవరైనా రాస్తారు. సిరాతో జవాబు రాసి కింద సంతకం పెట్టేవాడికే బాధ తెలుస్తుంది.

నా అభిప్రాయం చెప్పాను. దానిమీద ఉత్తర ప్రత్యుత్తరాలు వద్దు.

మావయ్య

ఆసుపత్రి వాహనాల షెడ్డు,
ఏప్రిల్ 6

మావయ్యగారికి,

వద్దన్నా రాస్తున్నాను. ఇది ప్రశ్న కాదు, జరిగింది చెబుతున్నాను.

మేడ వెనక్కి వెళ్లిపోయే ముందు రోజు గ్రీజు బాబాయీ నేనూ ఆరో మలుపుకు వెళ్లాం. నాన్న బండి పడింది అక్కడే. దారానికి నట్టు కట్టి వేలాడదీసి బాట ఎంత వాలుందో కొలిచాం. బాటలో పొడుచుకొచ్చిన రాయి ఒకటుంది, పైచక్రం దాని మీదికి ఎక్కక తప్పదు. దాని ఎత్తు కూడా కొలిచాం. షెడ్డు వెనక్కి వచ్చి, మేడ ఎడమ చక్రాల కింద చెక్క దిమ్మలు వేసుకుంటూ సరిగ్గా అంత వంపుకు తెచ్చాం. పడిపోకుండా పైవైపు నుంచి గోడలోని ఇనప కడియానికి గొలుసు వదులుగా కట్టాం.

మొదట ఖాళీగా. పైచక్రం కింద కాగితం పెట్టి లాగాలి. చక్రం గట్టిగా ఆనితే కాగితం రాదు. జేబులో చూస్తే మీ మొదటి ఉత్తరం నకలు దొరికింది. కమిటీ అందరికీ పంచింది లెండి. దాన్నే పెట్టాం. లాగితే మూల చిరిగింది గాని రాలేదు.

తర్వాత కారియర్ మీద దుప్పట్లు పరిచి, రంగు గీసుకుపోకుండా, మా సామానంతా ఎక్కించాం. రెండో సిలిండరు పెట్టగానే గొలుసు బిగిసింది. బాబాయి, "తల్లీ, పక్కకి రా" అన్నాడు. నేను వంగి కాగితం లాగాను. పుస్తకంలోంచి లాగినట్టు వచ్చేసింది.

మర్నాడు తాబేలును తెప్పించి అలాగే చేశాం. పట్టినంత సామాను లోపల పెట్టాం. కాగితం చిరిగింది, రాలేదు.

అధ్యక్షుడికి చెప్పాను. ఆయన చెడ్డవారు కాదు. "అమ్మా, చెక్క దిమ్మలతో డ్రైవరు చేసిన పరీక్ష ఒకవైపు, ఆయన మాట ఒకవైపు. నేను ఏది రాసుకోను? మీ నాన్న విషయంలో కూడా ఆయన మాటమీదే కదా ఫైలు మూశాం" అన్నారు.

నాకు అప్పుడు తెలిసింది మావయ్యా, ఆ సాక్ష్యం ఎవరిదో. ఇంటికెళ్లి అమ్మను అడిగాను. అమ్మకు మొదటి నుంచీ తెలుసు. మీ పేరెత్తితే వంటింట్లోకి ఎందుకు వెళ్లిపోతుందో ఇప్పుడు అర్థమైంది.

ఇరవై తొమ్మిదో తారీకున కమిటీ సంతకాలు పెడుతుంది. మీ మాట మారకపోతే మేడే వస్తుంది. దాన్ని ఆరో మలుపు మీదుగా నడిపేది నేనే. పక్కన నర్సు ఉంటుంది, వెనక ఎవరో ఒకరి తల్లో పిల్లో పడుకుని ఉంటుంది.

మేనకోడలు

మెట్ల పక్క గది,
ఏప్రిల్ 15

అమ్మడూ,

వారం రోజులు ఈ ఉత్తరం రాయలేకపోయాను. రాసినవన్నీ చదువుకుంటే బాగున్నాయి. బాగున్నాయి కనక చింపేశాను. ఇది బాగుండదు.

ఒకే రోజు కాదు.

మేడ ఏటవాలు ఎక్కింది మంగళవారం. పైన ఒక్క చాప కూడా లేదు. నేనే నడిపాను, హాయిగా ఎక్కింది. తొమ్మిది మార్కులు వేశాను. బరువు మోసింది శుక్రవారం, గిడ్డంగి ముందు చదును నేల మీద, కదలకుండా నిలబడి. పావు టన్ను ఇసుక బస్తాలు ఎక్కించి, కమ్మీ వంగలేదని చూసి, అక్కడా తొమ్మిది వేశాను. శనివారం బల్ల ముందు కూర్చుని రెంటినీ కూడేశాను. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ని, ఎక్కిన బండి వేరు, మోసిన బండి వేరు, ఆ రెంటినీ కూడితే లోకంలో లేని మూడో బండి వస్తుందని నాకు తట్టలేదు. ఎడిటరు పట్టిక అడిగాడని ఇన్నేళ్లూ వాణ్ని తిట్టాను. పట్టిక అడిగింది వాడే. కూడిక నాది.

ఇంతవరకు పొరపాటు. దీని తర్వాత చేసింది పొరపాటు కాదు.

వ్యాసం వచ్చిన ఏడాదికి మీ ఆసుపత్రి మేడను కొంది. కొన్న నాలుగు నెలలకు మీ నాన్న నాకు ఉత్తరం రాశాడు. దాన్ని నిఘంటువులో పెట్టాను. పారేయలేదు, జవాబూ ఇవ్వలేదు. ఇందులో పెడుతున్నాను, అది మీది. నీకు చదవడం కష్టమవుతుందేమోనని ఇక్కడ నకలు కూడా రాస్తున్నాను. నిజానికి నేను రాయాలని రాస్తున్నాను. ప్రతి అక్షరం నా చేత్తో రాయాలి.

"బావా, నీ వ్యాసం మళ్లీ చదివాను. నీ మాటలు చదువుతుంటే ఇక బండి నడపడమెందుకు, చదువుకుంటే చాలు కదా అనిపిస్తుంది. కోప్పడకు, మెచ్చుకుంటున్నాను. ఒక్క అనుమానం. మేడ ఏటవాలు ఎక్కిన రోజే దాని నెత్తిన బరువు కూడా ఉందా, లేక అది వేరే రోజా? మావాళ్లు నీ మాట చూసే కొన్నారు. మాకు నెత్తిన బరువు లేని రోజుండదు. నిన్న ఆరో మలుపులో ఎవరో పైనుంచి పట్టి లాగినట్టయింది. నా భ్రమేమో. నువ్వు చూసినవాడివి గనక అడుగుతున్నాను. కార్డు ముక్క రాయి, చాలు. అమ్మడికి పదహారో ఎక్కం వచ్చేసింది, పదిహేడు దగ్గర ఏడుస్తోంది. నీ చెల్లెలు నిన్ను అడిగానని చెప్పమంది. నీ బావ."

ఎందుకు జవాబివ్వలేదో చెబుతాను. దానికి ముందు ఏడాది మీ ఇంట్లో అందరం కూర్చుని ఉండగా మీ నాన్న, "మా బావ బండిని కలంతో నడుపుతాడు, అందుకే గీత పడదు" అన్నాడు. అందరూ నవ్వారు. మీ అమ్మ కూడా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఉత్తరం రాగానే నాకు ప్రశ్న కనబడలేదు, ఆ ముల్లే కనబడింది. మళ్లీ ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. అడగనీ, వారం ఆగనీ అనుకున్నాను. రెండు వారాలు ఆగాను. పదహారో రోజున మీ అమ్మ దగ్గరనుంచి కబురు వచ్చింది.

తర్వాత విచారణ గది. నిపుణుణ్నని నన్నే పిలిచారు. బతికిన నర్సమ్మ చేతికి కట్టుతో వచ్చి, "బండి నెమ్మదిగానే పోతోందయ్యా, పైనుంచి ఎవరో లాగినట్టు ఒరిగింది" అంది. మీ నాన్న రాసిన మాటే, అచ్చం అదే మాట. అప్పుడది నా నిఘంటువులో ఉంది. గుమాస్తా కలం ఎత్తి నా వైపు చూశాడు. బండిలో తప్పుందంటే నా వ్యాసంలో తప్పున్నట్టు. "వాహనం నేను పరీక్షించినదే. లోపం లేదు. నడిపినవాడి తొందర" అన్నాను. గుమాస్తా రాసుకున్నాడు. నర్సమ్మ మాట ఎవరూ రాసుకోలేదు.

ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. నేను దాన్ని తిరగేశాను. మద్దెల ఓటిదని తెలిసీ, ఆడినవాడి కాళ్లు తప్పన్నాను. అతను చచ్చిపోయాక అన్నాను.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు ఏదో ఒకటి చెప్పాలి, ఆ భారం నీ మీద పెట్టను. కమిటీకి వేరే ఉత్తరం ఇందులోనే ఉంది. నా పాత వ్యాసం తప్పనీ, విచారణలో నా సాక్ష్యం అబద్ధమనీ, ఆ వాక్యాన్ని ఫైల్లోంచి కొట్టేయమనీ రాశాను. నీ చెక్క దిమ్మల పరీక్ష ముప్పైయొక్క ఏళ్లలో నేను చేసిన పరీక్షలన్నిటికంటే సరైనదని కూడా రాశాను. సంతకం సిరాతోనే పెట్టాను. అధ్యక్షుణ్ని నిలబడి చదవమను. గొంతు తగ్గించొద్దని చెప్పు.

మావయ్య

ఆసుపత్రి వాహనాల షెడ్డు,
మే 2

మావయ్యా,

చదివారు. గొంతు తగ్గించలేదు. అధ్యక్షుడు పాత ఫైలు తెప్పించి, ఆ వాక్యం మీద గీత కొట్టి, పక్కన సంతకం పెట్టి తారీకు వేశారు. తర్వాత తలుపు దగ్గరికి ఒక కుర్చీ తెప్పించారు. నేను కూర్చోలేదు.

తాబేలు వస్తోంది. పైన కారియర్ వద్దని రాయించాను. సామాను పట్టదు కాబట్టి ప్రతి పల్లెకూ రెండుసార్లు వెళ్లాలి, ముందు రోజు సామాను, మర్నాడు మనుషులు. డీజిలు రెట్టింపని కమిటీవాళ్లు గొణిగారు. నర్సు సీటు ఇరుకే. గ్రీజు బాబాయి స్ట్రెచర్ కాళ్లు నాలుగు వేళ్ల మేర కోసి సర్దుతానంటున్నాడు.

నాన్న ఉత్తరం అమ్మకు ఇచ్చాను. నీ ఉత్తరం కూడా ఇచ్చాను, దాచలేదు. కిటికీ దగ్గర కూర్చుని నాన్నది రెండుసార్లు చదివింది, నీది ఒకసారి. ఏడవలేదు. సాయంత్రం బట్టలు మడతపెడుతూ, నా వైపు చూడకుండా అంది: "ఆయన కార్డు ముక్క చాలన్నాడు. రాయమను మీ మావయ్యని."

నాకు మొదట అర్థం కాలేదు. "ఎవరికమ్మా?" అన్నాను.

"అడిగినవాడికి" అంది.

నువ్వు రాస్తే నాకు పంపు. అమ్మకిస్తాను.

అమ్మడు

మెట్ల పక్క గది,
మే 9

బావా,

నీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది.

మేడ ఏటవాలు ఎక్కింది మంగళవారం, ఖాళీగా. బరువు మోసింది శుక్రవారం, కదలకుండా. రెండూ ఒకే రోజు నేను చూడలేదు. ఆరో మలుపులో నీకు అనిపించింది భ్రమ కాదు. నువ్వు నెమ్మదిగానే నడుపుతావని నాకు తెలుసు.

నెత్తిన ఉన్నదంతా దింపెయ్యి. రెండుసార్లుగా వెళ్లు.

అమ్మడికి పదిహేడో ఎక్కం వచ్చింది.

నీ బావ